సిగ్నల్ ఫుల్, నెట్ నిల్

మే నెలాఖరు మెమోరియల్ డే నుంచి సెప్టెంబరు మొదట్లో లేబర్ డే దాకా అమెరికా రోడ్ల మీద ట్రావెల్ ట్రైలర్ల కాలం. డాలస్, న్యూజెర్సీ, బే ఏరియా తెలుగు కుటుంబాలు కూడా మోటెల్ గదులు మానేసి, ట్రైలర్ అద్దెకు తీసుకుని పార్కుల దారి పడుతున్నాయి. ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం అడవిలో కూర్చుని ఎందుకు చేయకూడదని కొందరు బయల్దేరతారు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఎల్లోస్టోన్ చూపిద్దామని ఇంకొందరు. సాయంత్రం అయ్యేసరికి ఇద్దరికీ వచ్చే ఇబ్బంది ఒకటే. కొడుక్కి టీమ్ మీటింగ్ ఉంటుంది, తల్లికి సీరియల్ వేళవుతుంది. క్యాంప్‌గ్రౌండ్ బోర్డు మీద ‘ఫ్రీ వైఫై’ అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. ఫోన్‌లో గీతలు కూడా నిండుగానే కనిపిస్తాయి. పేజీ మాత్రం తెరుచుకోదు.

దీనికి మందు అమ్మేవాళ్లకు కొదవ లేదు. ఆర్వీల (ఇల్లులాంటి బండ్ల) సామాన్ల దుకాణంలో 30 డాలర్ల ప్లగ్ ఎక్స్‌టెండర్ దగ్గర్నుంచి వెయ్యి డాలర్లు దాటే రూటర్ దాకా, పైకప్పుకు బిగించే గుండ్రటి యాంటెన్నాలు, పొడుగాటి కర్రల్లాంటివి, గిన్నెల్లాంటివి, అన్నీ దొరుకుతాయి. వాటన్నిటినీ ఒక వరుసలో పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: అవన్నీ అమ్మేది సిగ్నల్‌ని. క్యాంప్‌గ్రౌండ్లలో ఎక్కువసార్లు కరువయ్యేది మాత్రం ఆఫీసు గదిలోకి బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ లైను. ఏది కరువో తేల్చుకోకుండా కొన్న సామాను అటకెక్కుతుంది.

తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. సాయంత్రం ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని పార్కు ఆఫీసు గుమ్మం దాకా నడిచి వెళ్లి స్పీడ్ టెస్ట్ పెట్టండి. తర్వాత ట్రైలర్ మెట్ల దగ్గర నిలబడి ఒకసారి, లోపల కూర్చుని ఒకసారి. పొద్దున్నే ఆరింటికి మళ్లీ ఆఫీసు గుమ్మం దగ్గర. ఆఫీసు దగ్గర వేగంగా ఉండి ట్రైలర్ బయటే నీరసిస్తే, దూరమో చెట్లో అడ్డు. బయట బాగుండి లోపలికి రాగానే పడిపోతే, ట్రైలర్ గోడలే అడ్డు. ఆఫీసు గుమ్మంలో కూడా సాయంత్రం నత్తనడక, తెల్లారి పరుగు అయితే, అది జనం రద్దీ. ఆ మూడో రోగానికి దుకాణంలో ఉన్న ఏ యాంటెన్నా పనికిరాదు.

లెక్క వేసి చూడండి. పార్కుకి 100 ఎంబీపీఎస్ లైను ఉందనుకుందాం, సైట్లు 80. హెచ్‌డీ సినిమాకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది సుమారు 5 ఎంబీపీఎస్. ఇరవై ట్రైలర్లలో సినిమా మొదలైతే లైను అక్కడికక్కడే అయిపోయింది, మిగతా అరవై సైట్లకూ శూన్యం. మారుమూల కొండల్లో ఉన్న పార్కులకి ఆ 100 కూడా ఉంటుందన్న భరోసా లేదు. మన ఊళ్లలో మునిసిపల్ కుళాయికి మోటారు బిగించడం గుర్తుందిగా? ఒకరు బిగిస్తే పక్కింటి వాటా వాళ్ల తొట్టిలోకి వస్తుంది. వీధంతా బిగిస్తే ఎవరికీ చుక్క రాదు, మోటార్లు గాలి పీలుస్తాయి. క్యాంప్‌గ్రౌండ్‌లో వైఫై బూస్టర్ చేసే పని అచ్చంగా అంతే.

సరే, రద్దీ కాదు, అడ్డే అని తేలిందనుకుందాం. అప్పుడు మొదట చూడాల్సింది మనం కూర్చున్న పెట్టెని. వాలీ బయమ్ 1930లలో మొదలుపెట్టిన ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్లు తళతళలాడే అల్యూమినియం రేకుతో చేసినవి, 1936 నాటి క్లిప్పర్ దగ్గర్నుంచీ ఆ అందానికే పేరు. లోహపు గూడు లోపలికి బయటి విద్యుత్ ప్రభావం చేరదని మైకేల్ ఫారడే 1836లోనే చూపించాడు. రేడియో తరంగాలకూ ఆ రేకు అడ్డుగోడే. లోపలికి వచ్చేది ముఖ్యంగా కిటికీల గుండా. మామూలు చవక ట్రైలర్లలో చాలావాటికి చెక్క చట్రం మీద ముడతల అల్యూమినియం రేకు ఉంటుంది, వాటిదీ ఇదే కథ. స్కాంప్, కసీటా లాంటి ఫైబర్‌గ్లాస్ గుడ్లు ఈ విషయంలో అదృష్టవంతులు. ఆ గోడ వైఫైని పెద్దగా ఆపదు. పెద్ద ట్రైలర్లలో పైకి ఫైబర్‌గ్లాస్ కనిపించినా లోపల అల్యూమినియం చట్రమో, వేడి ఆపడానికి పరిచిన వెండి రంగు రేకు పొరో, అద్దం మీద పల్చటి లోహపు పూతో ఉండొచ్చు. ట్రైలర్‌ని వెనక్కి నడిపి సైటులో పెట్టేటప్పుడే పెద్ద కిటికీ ఉన్న వైపు పార్కు యాంటెన్నా వైపు తిరిగేలా పెట్టుకుంటే సగం పని అయినట్టే. ల్యాప్‌టాప్‌ని కిటికీ పక్క బల్ల మీదికి మార్చడం ఇంకా సులువు. ఇంత చిన్న సలహాకి ఎవరూ డబ్బులివ్వరు కాబట్టి ఏ దుకాణంలోనూ చెప్పరు.

బయట అడ్డం వచ్చేవి దూరం, ఎత్తు, ఆకులు. అడ్డేమీ లేని ఖాళీ మైదానంలో కూడా దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది, అంటే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఫోన్‌లో గీతలు నమ్మదగ్గ కొలమానం కాదు, ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా గీస్తుంది. ఉచిత వైఫై ఎనలైజర్ యాప్‌లు డీబీఎంలలో చూపించే అంకె నయం. మైనస్ 50 అంటే రూటర్ పక్కనే ఉన్నట్టు. మైనస్ 67 దాకా వీడియో కాల్ హాయిగా నడుస్తుంది. మైనస్ 80 దాటితే మెయిల్ కూడా కష్టం. ఈ అంకె బాగుండి కూడా నెట్ రాకపోతే, మళ్లీ పైన చెప్పిన కుళాయి దగ్గరికే వెళ్లాలి.

ఎత్తు సంగతి చాలామంది పట్టించుకోరు. రెండు యాంటెన్నాల మధ్య కంటికి కనిపించే సరళరేఖ ఒక్కటే ఖాళీగా ఉంటే చాలదు. ఆ రేఖ చుట్టూ ఫ్రెనెల్ జోన్ అనే ఒక కోలాకారపు చోటు కూడా చాలావరకు ఖాళీగా ఉండాలి. వంద మీటర్ల దూరానికి, వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, మధ్యలో దాని వ్యాసార్ధం దాదాపు 1.8 మీటర్లు. ఆఫీసు కప్పు మీది పెట్టెకీ మన బల్ల మీది ల్యాప్‌టాప్‌కీ నడుమ పది ట్రైలర్ల రేకులు, నాలుగు పికప్ ట్రక్కులు నిలబడి ఉంటే ఆ చోటు ఎక్కడ మిగులుతుంది? అందుకే కొందరు ట్రైలర్ వెనక నిచ్చెనకి ఒక గొట్టపు స్తంభం కట్టి యాంటెన్నాని పొరుగు కప్పులకన్నా పైకి లేపుతారు. చూడటానికి జెండా కర్రలా ఉన్నా, గెయిన్ (సిగ్నల్‌ని ఒడిసిపట్టే బలం) ఎక్కువున్న ఖరీదైన యాంటెన్నాని కిటికీ దగ్గర పెట్టినదానికన్నా ఇది మేలు. ఇక ఆకులు: వాటిలోని నీరు ఈ తరంగాలను మింగుతుంది, వాన పడ్డాక మరీ. ఏప్రిల్‌లో మోడుగా ఉన్న ఓక్ చెట్ల కింద పనిచేసిన సైటు జులైలో చేతులెత్తేస్తుంది. 5 గిగాహెర్ట్జ్ వైఫైకి వేగం ఎక్కువే కానీ గోడలకీ చెట్లకీ త్వరగా లొంగిపోతుంది. దూరపు సైట్లకి ముసలిదైన 2.4 గిగాహెర్ట్జే దిక్కు. కాకపోతే అక్కడ ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు మూడే, 1, 6, 11. వాటిలో మొత్తం పార్కు సర్దుకోవాలి. పక్క ట్రైలర్ మైక్రోవేవ్ కూడా అదే మేరలో మోగుతుంది.

వైఫై మాట్లాడుకోవడం రెండు వైపులా జరగాలన్నది ఇంకో మెలిక. అమెరికాలో ప్రసారాలని నియంత్రించే ఎఫ్‌సీసీ నియమం ప్రకారం 2.4 గిగాహెర్ట్జ్ పెట్టె 1 వాట్ దాకా, యాంటెన్నా గెయిన్‌తో కలిపి మామూలుగా 4 వాట్లకు సమానంగా ప్రసారం చేయొచ్చు. బ్యాటరీ మీద బతికే ఫోన్ పంపేది అందులో చిన్న భాగం. పార్కు మాట మనకి వినిపిస్తుంది, అందుకే గీతలు నిండుగా ఉంటాయి. మన జవాబు అంత దూరం చేరదు. పైగా ఒక ఛానల్ మీద ఒక్కసారికి ఒక్కరే మాట్లాడగలరు. బలహీనమైన సిగ్నల్ ఉన్న పరికరం నెమ్మదైన వేగంతో పంపుతుంది కాబట్టి అదే సమాచారానికి ఎక్కువ సేపు ఛానల్‌ని పట్టుకుని కూర్చుంటుంది. దూరపు సైటులో ఒక పాత టాబ్లెట్ సినిమా దించుకుంటుంటే ఆఫీసు పక్కన ఉన్నవాళ్లకీ నెమ్మదవుతుంది. అంటే దూరంగా ఉన్నవాళ్లు మంచి యాంటెన్నా పెట్టుకోవడం ఒక రకంగా పార్కుకి కూడా మేలే. బూస్టర్లని తిట్టాను కాబట్టి ఈ మాట చెప్పడం న్యాయం.

ఇప్పుడు సామాన్ల దగ్గరికి. గోడ ప్లగ్గులో గుచ్చే చవక ఎక్స్‌టెండర్ ట్రైలర్‌కి దాదాపు పనికిరాదు. అది పెట్టింది లోపల, అంటే సిగ్నల్ రాని చోట. రానిదాన్ని తిరిగి ప్రసారం చేయడానికి ఏముంటుంది? పైగా ఒకే రేడియోతో వినడం, పలకడం రెండూ చేసేది అయితే వేగం సగానికి దిగుతుంది. యూఎస్‌బీకి తగిలించే ఆల్ఫా కంపెనీ లాంటి అడాప్టర్లు ఒంటరి ప్రయాణికుడికి బాగుంటాయి: కిటికీకి అతికించుకుని ఒక ల్యాప్‌టాప్‌కి పెట్టుకోవచ్చు. కుటుంబానికి సరైన పద్ధతి ఇది: బయట, ఎత్తులో ఒక రేడియో పార్కు వైఫైని అందుకుంటుంది, లోపల చిన్న రూటర్ దాన్ని ఇంటిల్లిపాదికీ పంచుతుంది. యుబిక్విటీ నానోస్టేషన్ లాంటి బయటి పెట్టెలు, జీఎల్ ఐనెట్ వాళ్ల అరచేతిలో పట్టే ట్రావెల్ రూటర్లు, డబ్బున్నవాళ్లకి పెప్‌వేవ్, పైకప్పుకి రంధ్రం చేసి బిగించే వైన్‌గార్డ్ కనెక్ట్, ఇవన్నీ ఆ సూత్రం మీదే నడుస్తాయి. అద్దె ట్రైలర్ అయితే కప్పుకి రంధ్రం ఊసెత్తకండి. ట్రావెల్ రూటర్‌తో ఇంకో లాభం ఉంది. పార్కు లాగిన్ పేజీలో ఒక్కసారి రూటర్ పేరు మీద ఒప్పుకుంటే సరి, ప్రతి ఫోన్‌కీ టీవీకీ విడివిడిగా పాస్‌వర్డ్ కొట్టక్కర్లేదు. తాళం లేని పార్కు వైఫైకీ మన పరికరాలకీ మధ్య ఒక గోడ కూడా ఉన్నట్టవుతుంది.

ఇక్కడ చాలామంది డబ్బు పోగొట్టుకునేది కేబుల్ దగ్గర. పైన పెద్ద యాంటెన్నా, కింద రూటర్, మధ్యలో సన్నటి కోయాక్సియల్ తీగ. ఆర్‌జీ-58 రకం తీగ అయితే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 20 అడుగుల్లోనే 6 డెసిబెల్స్ పైచిలుకు తినేస్తుంది, అంటే పట్టిన శక్తిలో నాలుగింట మూడు వంతులు దారిలోనే ఆవిరి. లావుపాటి ఎల్‌ఎంఆర్-400 అదే నష్టానికి వంద అడుగుల దాకా లాక్కొస్తుంది, కానీ వంగదు, ఖరీదు. కాబట్టి రేడియోని యాంటెన్నా దగ్గరే పెట్టి, కిందికి ఈథర్‌నెట్ తీగ దించి, అందులోనే కరెంటు కూడా పంపే పద్ధతి ఉత్తమం. ఈథర్‌నెట్‌కి వంద మీటర్ల దాకా ఈ నష్టం బాధ లేదు.

యాంటెన్నా ఏ రకమన్నది తర్వాతి ప్రశ్న. అన్ని దిక్కులా పట్టేది ఎక్కడ ఆగినా పనిచేస్తుంది, అయితే అన్ని దిక్కుల రొదనీ తెస్తుంది. ఒక దిక్కుకే గురి పెట్టే ప్యానెల్ లేదా యాగీ రకం దూరాన్ని గెలుస్తుంది, పక్కల రొదని చాలావరకు తోసేస్తుంది. యాగీకి ఆ పేరు జపాన్‌లో తోహోకు యూనివర్సిటీ వాళ్ల 1920ల పరిశోధన నుంచి వచ్చింది; అసలు పని ఎక్కువగా షింతారో ఉదా చేశాడు, పేరు మాత్రం హిడెత్సుగు యాగీకి దక్కింది. మన దూరదర్శన్ రోజుల్లో ఇంటి కప్పుల మీద అల్యూమినియం పుల్లలతో నిలబడిందీ అదే కుటుంబం. అప్పటిలాగే ఒకరు పైన తిప్పుతూ ఇంకొకరు కిందనుంచి “ఆఁ వచ్చింది, ఆపు” అని అరవాలి. రెండు రోజులకో ఊరు మారే ప్రయాణానికి ఈ తిప్పలు అక్కర్లేదు. నెల రోజులు ఒకే సైటులో ఉండేవాళ్లకి లాభం. యాంటెన్నాని నిలువుగా పెట్టాలా అడ్డంగానా అన్నది పార్కు యాంటెన్నాని చూసి నిర్ణయించుకోవాలి. రెండూ తొంభై డిగ్రీల తేడాలో ఉంటే 20 డెసిబెల్స్ దాకా పోవచ్చు, కొన్న గెయిన్ అంతా అందులోనే కొట్టుకుపోతుంది.

పార్కు వైఫై మీద ఆశ వదులుకున్నవాళ్లు సెల్ నెట్‌కి వస్తారు. మీటింగుల మీద జీతం ఆధారపడినవాళ్లు మొదటే ఇక్కడికి రావాలన్నది నా అభిప్రాయం. వేర్వేరు కంపెనీల సిమ్‌లు రెండు ఉంచుకోవడం ఏ బూస్టర్ కన్నా మెరుగు, ఎందుకంటే కొండకి ఇటు ఒకరి టవర్ ఉంటే అటు ఇంకొకరిది ఉంటుంది. టీ-మొబైల్ 600 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ పౌనఃపున్యాలు అడవుల్లో దూరం వెళతాయి. ఫోన్ పాతదైతే ఆ బ్యాండ్ పట్టకపోవచ్చు. సెల్ బూస్టర్లు, వీబూస్ట్ లాంటివి, 2013లో ఎఫ్‌సీసీ పెట్టిన నియమాల కింద నడుస్తాయి: ధ్రువీకరించిన పరికరమే కొనాలి, సిమ్ కంపెనీ దగ్గర నమోదు చేయాలి. వాటి బలహీనత ట్రైలర్ పొట్టితనమే. బయటి యాంటెన్నా, లోపలి యాంటెన్నా దగ్గరదగ్గరగా ఉంటే లోపలి ప్రసారం మళ్లీ బయటిదానికి వినపడి గిర్రున తిరుగుతుంది, బూస్టర్ తనంతట తనే బలం తగ్గించుకుంటుంది. పైగా ఇప్పటి 4జీ, 5జీ వేగంలో చాలాభాగం ఒకేసారి రెండు, నాలుగు యాంటెన్నాలతో పంపుకోవడంలో ఉంది. మామూలు బూస్టర్ వాటిని ఒకే దారిలో కుక్కుతుంది. గీతలు పెరిగి వేగం తగ్గడమనే వింత అందుకే. సిగ్నల్ మరీ బలహీనంగా ఉన్న చోట బూస్టర్ పనికొస్తుంది. ఒక మాదిరిగా ఉన్న చోట నేరుగా మోడెమ్‌కే రెండు బయటి యాంటెన్నాలు తగిలించడం మేలు. ప్లాన్ పేరు ‘అన్‌లిమిటెడ్’ అయినా హాట్‌స్పాట్‌కి పరిమితి ఉంటుంది, టవర్ రద్దీగా ఉంటే చవక ప్లాన్ వాళ్లు క్యూలో వెనక్కి వెళతారు. జులై నాలుగు సెలవుల్లో పార్కు ఊరి టవర్ పరిస్థితి ఊహించుకోవచ్చు.

మీ సొంత హాట్‌స్పాట్‌ని పార్కు వాళ్లు ఆపేయగలరా అని కొందరికి అనుమానం. నాష్‌విల్‌లోని గేలార్డ్ ఆప్రీలాండ్ హోటల్లో అతిథుల హాట్‌స్పాట్లని అడ్డుకున్నందుకు మారియట్ సంస్థ 2014లో ఎఫ్‌సీసీకి 6 లక్షల డాలర్లు కట్టింది. అలా అడ్డుకోవడం చట్టవిరుద్ధమని మరుసటి జనవరిలో ఎఫ్‌సీసీ అందరినీ హెచ్చరించింది కూడా.

సెల్ టవర్ కూడా లేని బీఎల్‌ఎం ప్రభుత్వ భూముల్లో, నేషనల్ ఫారెస్టుల్లో లెక్క మార్చేసింది శాటిలైట్ నెట్ స్టార్‌లింక్. ఆర్వీల కోసమంటూ 2022 మేలో మొదలైంది, ఇప్పుడు రోమ్ పేరుతో నడుస్తోంది. పాత శాటిలైట్ నెట్ 35,786 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చేది. ఒక మాట వెళ్లి జవాబు రావడానికి అర సెకను పైనే పట్టేది కాబట్టి వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకరి మీద ఒకరు మాట్లాడేవారు. స్టార్‌లింక్ ఉపగ్రహాలు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి, ఆ బాధ పోయింది. వచ్చిన కొత్త బాధ చెట్లు. స్టార్‌లింక్ యాంటెన్నా పళ్లానికి ఆకాశం విశాలంగా, అమెరికాలో ఎక్కువగా ఉత్తరం వైపు, కనిపించాలి. ఒక్క పైన్ కొమ్మ అడ్డొచ్చినా మధ్యమధ్యలో తెగొచ్చు. సినిమాలో అది తెలియదు, మీటింగ్‌లో తెలుస్తుంది. ఎండకి తాళలేక నీడ సైటు తీసుకుంటాం, నెట్ కోసం ఎండ సైటు కావాలి. పళ్లాన్ని పొడుగు తీగతో నేల మీద ఎండలోకి జరిపి ట్రైలర్‌ని నీడలో ఉంచుకోవడం అందరూ చేరే రాజీ. మామూలు పళ్లెం సుమారు 50 నుంచి 75 వాట్లు లాగుతుంది. కరెంటు హుకప్ లేని చోట 100 ఆంప్ అవర్ల మామూలు బ్యాటరీలో వాడుకోదగ్గది సగం, అంటే 600 వాట్ అవర్లు. పళ్లెం ఒక్కటే పది గంటల్లో తాగేస్తుంది, లైట్లూ ఫ్రిజ్ సంగతి తర్వాత. 2024లో వచ్చిన స్టార్‌లింక్ మినీ అందులో సగంతో సరిపెట్టుకుంటుంది, బరువు కిలో పైచిలుకే. ట్రైలర్ వాళ్లకి ఇప్పుడు ఒక్కటే కొనమంటే నేను చెప్పేది దాన్నే. నెలనెలా కట్టే డబ్బు మాత్రం పార్కు వైఫైలా ఉచితం కాదు.

వీటిని నమ్ముకోలేని చోటూ ఒకటుంది. వెస్ట్ వర్జీనియా గ్రీన్ బ్యాంక్‌లో రేడియో టెలిస్కోప్ చుట్టూ 1958 నుంచి 13 వేల చదరపు మైళ్ల నేషనల్ రేడియో క్వైట్ జోన్ అమల్లో ఉంది. టెలిస్కోప్ దరిదాపుల్లో సెల్ టవర్ల మీదా వైఫై మీదా కట్టుదిట్టాలుంటాయి. పక్కనే మొనోంగహేలా అడవుల్లో క్యాంపింగ్ అద్భుతంగా ఉంటుంది. సీరియల్ చూడాలనుకునే అమ్మానాన్నలని అటు తీసుకెళ్లకండి, లేదా ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టండి.

అసలు మార్పు రావాల్సింది పార్కు యజమాని వైపు నుంచి. క్యాంప్‌గ్రౌండ్ల సంస్థ కేఓఏ 1962లో మోంటానాలోని బిల్లింగ్స్‌లో మొదలైనప్పుడు క్యాంపర్లు చూసుకున్నవి స్నానాల గది, మంచినీళ్లు. ఇప్పుడు వైఫై ఆ వరుసలో చేరింది, కానీ చాలా పార్కుల్లో ఆఫీసు కప్పు మీద ఒక్క పెట్టె పెట్టి సరిపెడుతున్నారు. సైట్ల వరుసలో పది ట్రైలర్లకి ఒక చిన్న పెట్టె, వాటికి భూమిలోంచి తీగ, ఆఫీసుకి ఫైబర్, మనిషికింత అని వేగానికి పరిమితి: ఇవి ఉన్న పార్కులో ట్రైలర్ కప్పు మీద ఏ యాంటెన్నా అక్కర్లేదు. లేని పార్కులో ప్రతి ట్రైలరూ ఒక ఎక్స్‌టెండర్ పెడితే ఆ మూడు ఛానళ్లూ రొదతో నిండిపోతాయి. బుకింగ్‌కి ఫోన్ చేసి “వైఫై ఉందా అండీ?” అంటే “ఉంది” అనే వస్తుంది. అందుకని ఇలా అడగాలి: పార్కుకి వచ్చే లైను ఫైబరా, ఎంత వేగం? పెట్టెలు ఆఫీసు మీదేనా, సైట్ల దగ్గర కూడానా? వీడియోలు చూడనిస్తారా, ఆపేస్తారా? మా సైటు దగ్గర ఏ కంపెనీ టవర్ అందుతుంది? మా సైటుకి ఉత్తరం వైపు చెట్లున్నాయా?